మనుషులు పెరిగారు, చేతిలో డబ్బు ఆడటం లేదు: క్లీనింగ్ కాంట్రాక్టు అసలు లెక్క

క్లీనింగ్ వ్యాపారానికి పెట్టుబడి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. నాలుగు మాపులు, రెండు బకెట్లు, ఒక వైపరు, పిలిస్తే వచ్చే ఐదుగురు మనుషులు ఉంటే రేపే మొదలుపెట్టేయొచ్చు. మొదలుపెట్టడం వరకు ఆ మాట నిజమే. హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నార్సింగి దాకా, విశాఖలో మధురవాడ వైపు, విజయవాడలో బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఇలా పుట్టుకొచ్చిన చిన్న ఏజెన్సీలు బోలెడు. ఐదుగురితో నడిచినన్నాళ్లూ బాగానే ఉంటుంది. పదిహేను మంది అయ్యాక కొంచెం ఊపిరాడదు. నలభై మంది అయ్యేసరికి ఓనరు ఇంట్లో బంగారం కుదువపెట్టి జీతాలిస్తుంటాడు. పని పోలేదు, క్లయింటు వదిలేయలేదు, బిల్లులు నెలనెలా పెద్దవవుతూనే ఉన్నాయి. అయినా చేతిలో డబ్బు ఆడదు.

చుట్టుపక్కలవాళ్లు దీనికి చెప్పే కారణాలు రెండే: లేబర్ దొరకడం లేదు, పోటీ పెరిగింది. రెండూ నిజమే కానీ అసలు చిక్కు వేరే చోట ఉంది. కాంట్రాక్టు హౌస్‌కీపింగ్‌లో ఏజెన్సీ తన క్లయింటుకు రెండు నెలల జీతాలు అప్పు పెడుతుంది. ఆ అప్పు మీద వచ్చే వడ్డీకి పెట్టిన పేరే సర్వీస్ చార్జి. ఇది కాగితం మీద చూస్తేగానీ అర్థం కాదు.

ఒక మనిషి రేటు

ఆఫీసుకో, ఆసుపత్రికో, కాలేజీకో మనుషుల్ని పెట్టేటప్పుడు కొటేషన్ మనిషికింత అని వేస్తారు. లెక్క కోసం నెల జీతం 14,000 రూపాయలు అనుకుందాం. అసలు కనీస వేతనం ఎంతన్నది పనిని, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కరువు భత్యం సవరిస్తారు.

ఆ 14,000 మీద యజమాని వాటా పీఎఫ్, దాని ఇన్సూరెన్సు, అడ్మిన్ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,820. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, యజమాని వాటా 3.25 శాతం, 455. బోనస్ 8.33 శాతం చొప్పున 1,166. సెలవులు, జాతీయ సెలవు దినాల జీతం కింద 700 వేసుకుందాం. గ్రాట్యుటీకి నెలకు 673. యూనిఫాం, బూట్లకు 300. అన్నీ కలిపితే 19,114. దీని మీద 8 శాతం సర్వీస్ చార్జి, 1,529. మొత్తం 20,643. ఆపైన 18 శాతం జీఎస్టీ 3,716. క్లయింటు కట్టాల్సింది 24,359 రూపాయలు.

ఇప్పుడు పనిచేసే మనిషి వైపు నుంచి చూడండి. 14,000లో ఆమె పీఎఫ్ వాటా 12 శాతం 1,680, ఈఎస్ఐ వాటా 0.75 శాతం 105 పోతాయి. చేతికొచ్చేది 12,215. క్లయింటు కట్టినదాంట్లో దాదాపు సగం. "మనిషికి ఇరవై నాలుగు వేలు కడుతున్నాం, వాళ్లకు పన్నెండే ఇస్తున్నారట, మిగతాదంతా కాంట్రాక్టరు తింటున్నాడు" అని అడ్మిన్ మేనేజర్లు అంటుంటే వింటుంటాం. అందులో కాంట్రాక్టరుకు మిగిలేది 1,529. దాంట్లోంచే సూపర్‌వైజరు పెట్రోలు, ఆఫీసు అద్దె, అకౌంటెంటు ఫీజు, మనిషి రాని రోజు క్లయింటు వేసే కోత, చివరికి వడ్డీ కూడా పోవాలి.

ఈ లెక్కలో తేడా తెచ్చేది ఇంకోటి ఉంది. బోనస్, సెలవు జీతం, గ్రాట్యుటీ క్లయింటు నెలనెలా కడతాడు, ఏజెన్సీ మాత్రం వాటిని నెలనెలా పంచదు. మూడూ కలిపితే మనిషికి 2,539. ముప్పై మంది ఉంటే నెలకు 76,170. అదే ముప్పై మంది మీద సర్వీస్ చార్జి ఎంత? 45,870. అంటే ఓనరు ఖాతాలో ప్రతి నెలా తన లాభం కంటే ఎక్కువగా, తనది కాని డబ్బు వచ్చి పడుతుంటుంది. అది తనదే అనుకుని కారు ఈఎంఐ కట్టేసినవాళ్లు చాలామంది. దసరాకో దీపావళికో బోనస్ అడిగినప్పుడు, లేదా కాంట్రాక్టు ముగిసి సెటిల్‌మెంట్ చేయాల్సి వచ్చినప్పుడు ఏడాదికి తొమ్మిది లక్షల పైచిలుకు ఆ సొమ్ము ఎక్కడా కనపడదు. ఈ వ్యాపారంలో మొదట తెరవాల్సింది రెండో బ్యాంకు ఖాతా అని నేను గట్టిగా నమ్ముతాను. క్లయింటు డబ్బు రాగానే ఈ మూడు పద్దులూ అందులోకి వెళ్లిపోవాలి, దాని ఏటీఎం కార్డు జేబులో ఉండకూడదు.

తేదీల గొడవ

ముప్పై మందితోనే ముందుకెళ్దాం. ఏప్రిల్ నెల పని అయింది. ఏప్రిల్ 30వ తేదీతో బిల్లు వేశారు. మే 7లోపు జీతాలు పడాలి, చట్టం చెప్పేది అదే. చేతికిచ్చే జీతాలు 3,66,450. మే 15కి పీఎఫ్, ఈఎస్ఐ రెండు వాటాలూ కలిపి 1,21,800. నెలవారీ రిటర్ను వేసేవాళ్లయితే మే 20కి జీఎస్టీ 1,11,480. క్లయింటు కట్టాడా లేదా అని జీఎస్టీ అడగదు, బిల్లు వేశావా లేదా అనే అడుగుతుంది. సామాను కొని అమ్మే వ్యాపారికి కొనుగోలు మీద కట్టిన పన్ను ఎంతోకొంత క్రెడిట్‌గా వస్తుంది. ఇక్కడ ఖర్చంతా జీతాలే, జీతాల మీద క్రెడిట్ ఉండదు. ఫినాయిల్ డబ్బాల మీద వచ్చే క్రెడిట్ లెక్కలోకే రాదు. కాబట్టి ఆ లక్షా పదకొండు వేలూ దాదాపు పూర్తిగా సొంత జేబులోంచి కట్టాల్సిందే.

నెలకు దాదాపు ఆరు లక్షలు బయటికి వెళ్లాయి. క్లయింటు 60 రోజులకు చెల్లిస్తాడనుకుంటే ఏప్రిల్ బిల్లు డబ్బు జూన్ చివరికి వస్తుంది. ఈలోపు మే జీతాలు, మే పీఎఫ్, మే జీఎస్టీ కూడా జూన్‌లో కట్టేశారు. అంటే పన్నెండు లక్షలు ఇరుక్కున్నాయి. నెలకు 45,870 సంపాదించడానికి పన్నెండు లక్షలు కావాలన్నమాట. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 24,000 వడ్డీకే పోతుంది, సర్వీస్ చార్జిలో సగం పైన. మూడు రూపాయలకు తెస్తే 36,000. ఇక సూపర్‌వైజరు జీతం ఎక్కడినుంచి ఇస్తారు? బోనస్ పద్దులోంచి ఇస్తారు. అలా మొదలవుతుంది.

దీని మీద టీడీఎస్ ఒకటి, అంటే క్లయింటు బిల్లులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. కాంట్రాక్టు బిల్లు మీద వ్యక్తిగత యాజమాన్యమైతే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం పట్టుకుంటారు. రెండు శాతం చిన్నదిగా కనిపిస్తుంది. ముప్పై మంది బిల్లు జీఎస్టీ కాకుండా 6,19,290. దాని మీద రెండు శాతం 12,386, అంటే సర్వీస్ చార్జిలో నాలుగో వంతుకు పైనే. రిటర్ను వేశాక తిరిగి రావచ్చు, కానీ అది వచ్చే ఏడాది మాట.

అందుకే ఫెసిలిటీ మేనేజర్ ఫోన్ చేసి "అన్నా, వచ్చే నెల నుంచి ఇంకో ఇరవై మందిని పెట్టగలవా?" అంటే "పెడతా సార్" అని వెంటనే అనేయడం ప్రమాదం. ఆ ఇరవై మందికి ఎనిమిది లక్షలు ముందుగా కావాలి. అవి ఎక్కడినుంచి వస్తాయో తెలియకుండా ఒప్పుకున్న రోజే చాలా ఏజెన్సీలు మునిగాయి. ఆ మునక బయటపడేది మాత్రం ఆరు నెలల తర్వాత.

మరి క్లయింటును తొందరపెట్టే దారే లేదా? చట్టంలో ఉంది. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బకాయి పెట్టకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి ఆన్‌లైన్ పోర్టల్, దాన్ని విచారించడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నాయి. కానీ ఉన్న క్లయింటు మీద ఫిర్యాదు చేసి కాంట్రాక్టు నిలుపుకున్నవాళ్లు ఎంతమంది? కాంట్రాక్టు పోయాకే ఆ గుమ్మం ఎక్కుతారు. దీనికంటే నెమ్మదిగా, గట్టిగా పనిచేసేది ఆదాయపు పన్ను వైపు నుంచి వచ్చింది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, ఇలాంటి చిన్న సంస్థలకు గడువు దాటాక కూడా కట్టని మొత్తాన్ని కంపెనీలు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేవు. దాంతో మార్చి నెలలో అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందా అని అడుగుతున్నారు. సర్టిఫికెట్ నంబరును బిల్లు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించడానికి ఖర్చేమీ లేదు.

ఒప్పందం రాసుకునేటప్పుడే గట్టిగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. కనీస వేతనం పెరిగిన తేదీ నుంచే రేటు దానంతటదే పెరగాలి, మళ్లీ లెటరు పెట్టి బతిమాలుకునే పని ఉండకూడదు. మెటీరియల్ బిల్లు వేరుగా ఉండాలి. కొందరు క్లయింట్లు జీతాల భాగాన్ని 7వ తేదీకల్లా ఇచ్చి, మిగతాది 45 రోజులకు కట్టడానికి ఒప్పుకుంటారు. అలాంటి క్లయింటు రెండు శాతం తక్కువ సర్వీస్ చార్జి ఇచ్చినా తీసుకోవచ్చు. పై లెక్కలో రెండు నెలల జీతాలు ఇరుక్కోకపోతే మిగిలే వడ్డీ అంతకంటే ఎక్కువే ఉంటుంది.

పదో మనిషి దగ్గర గుంట

పెరగడంలో ఇంకో చిక్కు ఉంది, అది చిన్నవాళ్లకే తగులుతుంది. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. పై రేటుతో ఎనిమిది మందిని పెడితేనే 19,81,728 అవుతుంది. పీఎఫ్ లాంటివి లేని తక్కువ రేటైనా పది మంది దగ్గర గీత దాటుతుంది. ఈఎస్ఐ కూడా పది మందికే మొదలు. పీఎఫ్ ఇరవైకి. అంటే ఎనిమిది నుంచి ఇరవై మధ్యలో మూడు గోడలూ వరసగా వస్తాయి.

ఈ దశలో చిన్న ఏజెన్సీల క్లయింట్లు ఎక్కువగా అపార్టుమెంట్లు. ఆఫీసుకైతే జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, చాలా అపార్టుమెంటు సంఘాలకు రాదు. వాళ్లకు 18 శాతం అంటే 18 శాతం అదనపు భారమే. "బిల్లు లేకుండా అయితే ఎంతకు చేస్తావ్?" అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. కొందరు భార్య పేరు మీద ఒకటి, బావమరిది పేరు మీద ఒకటి ఏజెన్సీలు పెట్టి పది పది మందిగా విడగొడతారు. సిబ్బంది, సూపర్‌వైజరు, ఆఫీసు ఒక్కటే అయితే పీఎఫ్ వాళ్లు అన్నింటినీ కలిపి ఒకే సంస్థగా లెక్కగట్టే అవకాశం ఉంది. అప్పుడు పాత బకాయిలు వడ్డీతో సహా వస్తాయి. అంత టెన్షన్ పడేకంటే పది మంది లోపల హాయిగా ఉండిపోవడం మేలు, లేదా ఒక్క దూకుతో పాతిక దాటాలి. మధ్యలో పన్నెండు, పదిహేను మందితో ఏళ్ల తరబడి ఉండటమే అన్నింటికంటే ఖరీదు.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాంట్రాక్టు లేబర్ లైసెన్సు పరిమితి 1970 చట్టంలో 20 మంది ఉండేది, కొత్త కోడ్‌లో 50 అయింది. చిన్నవాళ్లకు అది కొంత ఊరట. దాంతోపాటు ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. ఇన్నాళ్లూ మస్టరులో పేరు రాసి పనిలో పెట్టుకున్నవాళ్లకు ఇది కొత్త పనే.

మిషన్ తెస్తే నష్టం

తలకింత అని రేటు కట్టే పద్ధతిలో ఒక విచిత్రం ఉంది. పెద్ద లాబీ, పొడవాటి కారిడార్లు ఉన్న ఆఫీసులో పన్నెండు మందిని పెట్టారనుకోండి. నడుస్తూ తోసే స్క్రబ్బర్ మిషన్ ఒకటి తెస్తే పది మందితో అదే పని ఇంకా బాగా అవుతుంది. తడి తుడుపు, నీళ్లు పీల్చడం ఒకేసారి అయిపోతాయి, జారిపడే భయం ఉండదు. కానీ మీరు మిషన్ తెచ్చిన మర్నాడే క్లయింటు ఏమంటాడు? "ఇద్దరు తగ్గారు కదా, బిల్లులో తగ్గించండి." మిషన్ ఖర్చు మీది, పోయిన ఇద్దరి సర్వీస్ చార్జి నష్టం కూడా మీదే. అందుకే మన దగ్గర చాలా చోట్ల మిషన్ స్టోర్‌రూంలో మూలన ఉంటుంది, మనుషులు మాప్ పట్టుకుని ఉంటారు. సోమరితనం వల్ల కాదిది, రేటు రాసిన తీరు వల్ల.

చదరపు అడుగుకు ఇంత, వాష్‌రూంకు ఇంత, రోజుకు ఎన్నిసార్లు అని పని కొలతతో ఒప్పందం రాసుకుంటే ఇదే మిషన్ లాభం తెస్తుంది. ఎంతమందితో చేశావన్నది అప్పుడు మీ ఇష్టం. ఈ వ్యాపారంలో 8 శాతం గీత దాటి డబ్బు మిగిలేది దాదాపు ఇక్కడే. కాకపోతే దీనికి ముందు కొలవడం రావాలి. ఒక మనిషి ఒక షిఫ్టులో ఫర్నిచర్ నిండిన హాలు ఎంత తుడవగలదు, ఖాళీ కారిడార్ ఎంత తుడవగలదు, లంచ్ తర్వాత వాష్‌రూం ఒక్కోటి ఎన్ని నిమిషాలు తింటుంది అన్నది మీ సొంత సైట్లలో రాసి పెట్టుకున్న అంకెలు కావాలి. నెట్‌లో దొరికే పాశ్చాత్య ఆఫీసుల అంకెలు మన దుమ్ముకు పనికిరావు. పక్కన ఒక బిల్డింగు పని మొదలైతే అదే అంతస్తుకు రెట్టింపు శ్రమ పడుతుంది.

మెటీరియల్ దగ్గర కూడా ఇంతే. డబ్బా మీద లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు అని రాసి ఉన్న ఫ్లోర్ క్లీనరును కొలత మూత లేకపోతే చేతివాటంగా గుబగుబా పోసేస్తారు. నెలకు రెండు డబ్బాలు సరిపోవాల్సిన చోట ఐదు అవుతాయి. డబ్బు పోవడం ఒక్కటే కాదు, ఎక్కువైన సబ్బు నేల మీద పొరలా మిగిలిపోతుంది. దాని మీద చెప్పుల దుమ్ము అంటుకుని సాయంత్రానికి నల్లటి అడుగులు కనిపిస్తాయి. క్లయింటు ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. మర్నాడు మనవాళ్లు ఇంకాస్త ఎక్కువ పోస్తారు. ఇరవై రూపాయల కొలత కప్పు ఈ గొలుసును తెంపుతుంది.

యాసిడ్ ఇంకా ఖరీదైన పాఠం నేర్పుతుంది. బోరు నీళ్ల ఉప్పు మరకలు పోవాలంటే బాత్రూంలో యాసిడ్ ఉన్న క్లీనరు వాడక తప్పదు. టైల్స్‌కు, గ్రానైట్‌కు పెద్దగా ఏమీ కాదు. కానీ మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్, సున్నపురాయి జాతి. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల రాయి అన్నీ అదే జాతి. బాత్రూం కడుగుతుండగా నాలుగు చుక్కలు మార్బుల్ గడప మీద పడితే చిన్నగా నురగ వస్తుంది, తుడిచాక చూస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అది మరక కాదు కాబట్టి ఏ లిక్విడ్‌తోనూ పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. కొత్త ఇంట్లో అలా జరిగితే ఆ నెల లాభం అక్కడే పోతుంది. ఇక అదే యాసిడ్‌తో బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజు నేర్పాల్సింది ఈ రెండే: ఏ రాయి మీద ఏది పోయకూడదో, ఏ సీసాను ఏ సీసాతో కలపకూడదో. తుడుపు ఎలాగూ వచ్చేస్తుంది.

సైట్ నిలబడేది ఎవరి మీద

రోజూ ఉదయం ఏడింటికి సూపర్‌వైజరు ఫోన్‌లో వచ్చే మెసేజ్ మీద ఏజెన్సీ బతుకు ఆధారపడి ఉంటుంది: ఎవరు రాలేదు? తొమ్మిది మంది సైట్‌లో ఒకరు రాకపోతే క్లయింటు ఆ రోజు డబ్బులు కోస్తాడు, కొన్ని ఒప్పందాల్లో దాని మీద జరిమానా కూడా ఉంటుంది. పది పన్నెండు మందికి ఒక రిలీవర్ ఉండాలి. ఏ సైట్‌కూ కట్టకుండా, పిలిస్తే వెళ్లే మనిషి. ఆ జీతం దండగలా కనిపిస్తుంది కాబట్టి చిన్నవాళ్లు పెట్టుకోరు, సంక్రాంతి వారంలో ఓనరే మాప్ పడతాడు. శ్రీకాకుళం, విజయనగరం, పాలమూరు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు పండక్కి ఊరెళ్తే పది రోజుల దాకా తిరిగిరారు. ఇది ఏటా జరిగేదే, అయినా ప్రతి ఏటా కొత్త విషయంలాగే కంగారుపడతాం.

మనుషులు మానేయడానికి చెప్పే కారణాలు నూరు. అసలు కారణం చాలాసార్లు జీతం తేదీ. పక్క ఏజెన్సీ ఐదు వందలు ఎక్కువ ఇస్తానన్నా, ఇక్కడ 7వ తేదీ తప్పకుండా పడుతుందంటే చాలామంది కదలరు. ఇంటద్దె, చీటీ, పిల్లల ఫీజు అన్నీ ఆ తేదీకి ముడిపడి ఉంటాయి. క్లయింటు లేటు చేస్తే ఆ లేటు నేరుగా హాజరు పట్టీలో కనిపిస్తుంది. అంటే పైన చెప్పిన డబ్బు చిక్కే ఇక్కడ మనుషుల చిక్కుగా మారుతుంది.

ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉన్న మనిషి పీఎఫ్ ఇంకో తలనొప్పి. ఇంటి పేరు ముందా వెనకా అన్న తేడాకే క్లెయిమ్ తిరిగొస్తుంది. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) తెరిచేస్తే ఒకే ఆమెకు మూడు ఖాతాలుంటాయి, ఒక్కదాంట్లోంచీ డబ్బు రాదు. "కట్ చేశారు కానీ ఇవ్వలేదు" అన్న మాట బస్తీలో పాకిపోతుంది. చేరిన వారంలోనే పేర్లు సరిచేయించి, పాత యూఏఎన్ అడిగి తీసుకునే ఏజెన్సీకి మనుషుల కోసం వెతుక్కునే పని తగ్గుతుంది.

టెండర్లలో సర్వీస్ చార్జి సున్నాకు దగ్గరగా వేసి పని పట్టేవాళ్ల సంగతి వేరు. పై లెక్క చూశాక అది ఎలా సాధ్యమో మీరే ఊహించవచ్చు. లేని మనుషులకు హాజరు వేయాలి, లేదా పీఎఫ్ ఎగ్గొట్టాలి, లేదా ఖాతాలో వేసిన జీతంలోంచి కొంత తిరిగి చేతికి తీసుకోవాలి. నాలుగో దారి నాకు తెలిసి లేదు. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని చట్టం చెబుతుంది కాబట్టి, తెలివైన క్లయింటు తక్కువ రేటు చూసి సంబరపడడు, పేర్లతో సహా పీఎఫ్ చలానా అడుగుతాడు.

ఇళ్ల పని: చేతిలో డబ్బు, నెత్తిన ఖాళీ రోజులు

అప్పు పెట్టలేనివాళ్లకు ఇళ్ల డీప్ క్లీనింగ్ మంచి దారిలా కనిపిస్తుంది. పని అయిన సాయంత్రమే ఫోన్‌పేలో డబ్బు పడుతుంది. నలుగురు మనుషులు, నేల రుద్దే సింగిల్ డిస్క్ మిషన్ ఒకటి, ఒక వాక్యూమ్, ఒక ఆటో. త్రీ బెడ్‌రూం ఇల్లు 6,000కు ఒప్పుకున్నారనుకుంటే మనుషులకు 3,200, లిక్విడ్లు, ఆటో కలిపి ఓ 1,200, మిగిలేది 1,600. ఆ ఫోన్ కాల్ రావడానికి యాప్‌కో ప్రకటనకో పెట్టింది అందులోంచే తీయాలి. 2014లో మొదలై 2025 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌లో లిస్టయిన అర్బన్ కంపెనీ లాంటివాళ్లు ఇదే పని మీద ఉన్నారు. ప్రకటనల మీద వాళ్లతో పోటీ పడటం కుదిరే పని కాదు. చిన్నవాళ్లకు కాల్స్ వచ్చేది పెయింటర్లు, ఇంటీరియర్ మేస్త్రీలు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ డ్రైవర్లు, అపార్టుమెంటు వాచ్‌మన్‌ల దగ్గర్నుంచే.

ఇక్కడ చిక్కు కాలెండరు. గృహప్రవేశాల ముహూర్తాలున్న మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో రోజుకు నాలుగు కాల్స్ వస్తాయి, అన్నీ ఆదివారానికే కావాలంటారు. ఆషాఢం వచ్చిందంటే కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లే ఉండరు. ఆ నెల మనుషుల్ని ఏం చేయాలి? ఖాళీగా జీతమిస్తే పోయిన రెండు నెలల లాభం పోతుంది, పంపేస్తే శ్రావణానికి దొరకరు. అందుకే నెల కాంట్రాక్టులు కొన్ని, ఇళ్ల పని కొంత కలిపి నడిపేవాళ్లు ఎక్కువకాలం నిలబడతారు. ఇళ్ల పని మనుషులే సైట్లకు రిలీవర్లు, ఇళ్ల పని నగదే 7వ తేదీకి ఆసరా. సోఫా షాంపూ, నీళ్ల ట్యాంకు కడగడం లాంటివి వాటికి తోడు.

ఒక్కటి మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకూడనిది. "ఎస్టీపీ ట్యాంకు (మురుగునీటిని శుద్ధి చేసేది) కూడా కాస్త చూడండి", "సెప్టిక్ ట్యాంకు మూత తీసి ఒకడిని దింపండి" అని అపార్టుమెంటు వాళ్లు హౌస్‌కీపింగ్ కుర్రాళ్లనే అడుగుతుంటారు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ట్యాంకులో పేరుకునే విషవాయువుకు రంగు ఉండదు, దిగినవాడి కోసం దిగిన రెండోవాడు కూడా పోతాడు. ఒప్పందంలోనే "సెప్టిక్, ఎస్టీపీ ట్యాంకుల లోపలి పని మా పరిధిలో లేదు" అని ఒక వాక్యం రాయించుకుని, సైట్ సూపర్‌వైజరుకు దాని ఫొటో పంపి పెట్టాలి. ఒత్తిడి వచ్చేది అతని మీదే కాబట్టి.

ఎటు పెరగాలి

గచ్చిబౌలిలో ఒక సైటు, ఉప్పల్‌లో ఒకటి, పటాన్‌చెరులో ఒకటి ఉన్న ఏజెన్సీ కంటే కొండాపూర్ చుట్టూ మూడు కిలోమీటర్లలో ఐదు సైట్లున్న ఏజెన్సీ బాగుంటుంది. ఒకే సూపర్‌వైజరు బండి మీద అన్నీ చూస్తాడు, ఒక చోట మనిషి రాకపోతే పక్క చోటి నుంచి అరగంటలో పంపుతాడు, మిషన్ ఒకటే తిరుగుతుంది. దూరంగా ఉన్న పెద్ద కాంట్రాక్టు ఆశ పెడుతుంది కానీ దాని సర్వీస్ చార్జి రోడ్డు మీదే ఖర్చయిపోతుంది. అలాగే వంద మందిలో ఎనభై మంది ఒకే క్లయింటు దగ్గర ఉంటే రేటు, తేదీ, జరిమానా అన్నీ అతనే రాస్తాడు.

కాంట్రాక్టు పోయినప్పుడు ఏమవుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. మన దగ్గర చాలా సైట్లలో ఏజెన్సీ మారుతుంది కానీ మనుషులు మారరు. పాత మనుషులే కొత్త యూనిఫాం వేసుకుంటారు. పాత ఏజెన్సీ మాత్రం వాళ్లకు చివరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, బోనస్, అర్హత ఉంటే గ్రాట్యుటీ అన్నీ కట్టి కదలాలి. ఐదేళ్లు చేసిన మనిషికి 14,000 జీతం మీద గ్రాట్యుటీ ఒక్కటే 40,000 దాటుతుంది. అదే సమయంలో క్లయింటు చివరి రెండు బిల్లులు, డిపాజిట్ పట్టుకుని కూర్చుంటాడు, అందరి సెటిల్‌మెంట్ రసీదులు, పీఎఫ్ చలానాలు తెస్తేనే ఇస్తానంటాడు. ముప్పై మంది సైట్ అయితే ఆ రెండు బిల్లులే 14 లక్షలు పైన. అందుకే నోటీసు చేతికొచ్చిన రోజే ప్రతి మనిషి లెక్కా తీసి, సంతకాలు మొదలుపెట్టి, ఆఖరి బిల్లుతోపాటు ఆ ఫైలు మొత్తం కట్టగట్టి ఇచ్చి, అందినట్టు సీలు వేయించుకోవాలి. నెల ఆగితే సగం మంది ఫోన్ నంబర్లు మారిపోయి ఉంటాయి.